తిరుగు పెట్టెలు

అట్టపెట్టె ఉందా అని అడిగితే మనుషులు మనకేసి ఎలా చూస్తారో నాకు ఆ వారంలో తెలిసొచ్చింది. చేబదులు అడిగినా అంత వింతగా చూడరు. "ఖాళీదా?" అంటారు. ఖాళీది కాక నిండుది ఇస్తావా నాయనా, ఇస్తానంటే అదీ పట్టుకుపోతాను అని నాలిక చివరిదాకా వచ్చేది. మింగేసేదాన్ని. మాట మింగడం నాకు బొత్తిగా అలవాటు లేని పని.

పోనీ అవసరం నాదా అంటే, కాదు. ఇల్లు వదిలి వెళ్లేది మా వదిన. కాలికి బలపం కట్టుకుని వీధులన్నీ తిరిగేది నేను.

నవ్వొచ్చే సంగతేమిటంటే, మేమిద్దరం బతికిందే అట్టపెట్టెల మధ్య. పింగాణీ సామాన్ల గోడౌన్‌లో ప్యాకింగ్ బల్ల మాది. కప్పులు, సాసర్లు, పళ్లాలు తను కాగితంలో చుట్టి అందించేది, నేను పెట్టెలో సర్ది మూసేదాన్ని. అప్పటికింకా వదిన కాదు, బల్లకి అవతలి మనిషి, అంతే. నన్ను అక్కడందరూ 'సూదిమందు' అనేవాళ్లు. నా నోటికి జడిసి నాకెదురుగా నిలబడి పనిచేయడానికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. తను వచ్చింది. నేను ఎంత వాగినా తలవంచుకుని కాగితం చుట్టుకుంటూ, మధ్యలో ఎప్పుడో ఒక్క మాట అనేది. ఆ ఒక్క మాటకి బల్లంతా పడీపడీ నవ్వేది. ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే బాగుంటుందని నేనే పట్టుబట్టి మా అన్నయ్యకిచ్చి పెళ్లి చేశాను.

అన్నయ్య పోయి చాలా ఏళ్లయింది. నాకు పెళ్లి కాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు నేను నోరు విప్పేదాకా బాగానే కూర్చునేవాళ్లు. గోడౌన్ కూడా మూతపడింది. చివరికి మిగిలింది వదిన, నేను, ఈ మూడో అంతస్తు అద్దె వాటా.

ఆ గోడౌన్‌లో ఉండగా పెట్టె మూయడం రెండు రకాలు. బయటి బేరగాళ్లకి వెళ్లేదాన్ని 'పోయే పెట్టె' అనేవాళ్లం. కిందా పైనా టేపు వేసి, బిగించి, అడ్డంగా ఇంకో పట్టీ లాగాలి. అది ఇంక మళ్లీ మా మొహం చూడదు. మా సొంత దుకాణాలకి వెళ్లేది 'తిరుగు పెట్టె'. దానికి టేపు తగలకూడదు, తగిలితే మేనేజరు తోలు తీసేవాడు. నాలుగు రెక్కలూ ఒకదాని కింద ఒకటి దూర్చి మడిచి, పైన పురికొసతో ముడివెయ్యాలి. అక్కడ సరుకు దింపుకుని, పెట్టెల్ని చదును చేసి, కట్టగట్టి మాకు వెనక్కి పంపేవాళ్లు. మళ్లీ నింపడానికి. తిరిగి తిరిగి కొన్ని పెట్టెలు మాకు చుట్టాల్లా అయిపోయాయి. మూల నలిగినదాన్ని 'కుంటిది' అనేవాళ్లం. "అదుగోనే, కుంటిది వచ్చేసింది," అని వదిన దాని మీద దుమ్ము దులిపేది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

పొద్దున్న టీ తాగుతుండగా చెప్పింది వదిన. గ్లాసు కింద పెట్టి, మోకాలు రెండు చేతులతోనూ పట్టుకుని, "చెల్లెలు రమ్మంటోందే," అంది.

వదిన చెల్లెలు వేరే ఊళ్లో బట్టలు సరిచేసే కొట్టు నడుపుతుంది. పాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, అలాంటివి. ముందు కొట్టు, వెనక ఇల్లు.

"అంతా కిందేనట. మెట్లు లేవట," అంది వదిన.

"ఓహో."

"గది కూడా పెద్దదేనట."

"పెద్దదైతే పరుగు పందేలు పెట్టుకోండి," అన్నాను.

వదిన నవ్వలేదు. నాకేసి చూస్తూ కూర్చుంది. ఏదో అంటాననుకుందో, ఏదో అనబోయిందో తెలీదు. ఆ చూపు పడలేక నేను గ్లాసులు పట్టుకుని లేచిపోయాను. పంపు తిప్పి, ఆ నీళ్ల చప్పుడులోంచే, "వెళ్తే వెళ్లు. నేనేమన్నా కాళ్లకి గొలుసులేశానా?" అన్నాను.

వెనకనుంచి, "సరే అయితే. ఆదివారానికి బండి చూస్తానంది. పెట్టెలు కావాలి," అంది.

"పెట్టెలేగా! ఆ మాత్రం నేను తేలేనా?" అన్నాను. ఒళ్లంతా రోషమే కదా నాకు.

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నా గుండె జారి కాళ్ల దగ్గర పడింది. ఈ మనిషి వెళ్లిపోతే నేనేమైపోవాలి? ఉండిపో అని అడగొచ్చు. ఏం పెట్టుకుని అడగను? ఆవిడ మోకాళ్లు నేను బాగుచేయగలనా, ఈ మెట్లు కరిగించగలనా? పైగా అడిగాక కాదందనుకోండి, ఆ 'కాదు' విన్న మొహంతో ఆ వారమంతా ఆవిడ ఎదురుగా ఎలా తిరగను? పోనీ నేనూ వస్తానందామా అంటే, ఆవిడ చెల్లెలు, ఆవిడ ఇల్లు. పిలవని ఇంటికి వదిన తోక పట్టుకుని పోయే రకమా నేను? చచ్చినా పోను. అందుకని నోరు కుట్టేసుకుని పెట్టెల వేటలో పడ్డాను.

ముందు సరుకుల కొట్టుకి వెళ్లాను. కొట్టాయన నన్ను ఏళ్ల తరబడి చూస్తున్నవాడే. "పెట్టెలా? పాతసామాన్లవాడు పొద్దున్నే ఊడ్చుకుపోయాడమ్మా. సరుకు దిగే రోజు రండి," అన్నాడు. సరుకు దిగే రోజు వెళ్తే బిస్కట్ల పెట్టెలు రెండు నా చేతిలో పెట్టి, ఏదో ఆస్తి రాసిచ్చినట్టు మొహం పెట్టాడు. మందుల షాపు అమ్మాయి గట్టి పెట్టెలే ఇచ్చింది గానీ, వాటిల్లో మా వదిన చెప్పుల జత కూడా పట్టదు. పళ్ల కొట్టు పెట్టెలకి చుట్టూ చిల్లులు, అడుగున తడి.

బ్రాందీ షాపులో మంచి పెట్టెలుంటాయని ఎవరో అంటే అక్కడికీ వెళ్లాను. సీసా సీసాకీ మధ్య అట్ట అడ్డం ఉంటుంది, గాజు సామానుకి భలే పనికొస్తుంది. తెరవకముందే నలుగురు మగాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక నేను. సరిగ్గా అప్పుడే మా కింది వాటా ఆయన అటు రావాలా! "ఏమ్మా, మీరు కూడానా?" అన్నాడు, కళ్లు ఇంత చేసుకుని.

"అవునండీ. లైనులో రండి, మీ ముందు నేనున్నాను," అన్నాను.

ఆ కబురు చెప్తే వదిన ఎంత నవ్వేదో. నవ్వుతూ మోకాలు కొట్టుకుని "అబ్బా" అనేది. చెబుదామనే పరుగు పరుగున మెట్లెక్కాను. తలుపు తీసేసరికి వదిన తన బట్టలు మంచం మీద దొంతర్లు పెట్టుకుంటోంది. అల్మైరాలో ఆవిడ వైపు అరలు ఖాళీ. నా వైపు అరలు నిండుగా, ఎప్పటిలాగే. నాకు ఆ కబురు చెప్పబుద్ధి కాలేదు.

"ఇదిగో, పెట్టె," అని నేల మీద పడేశాను. "సారా కంపు కొడుతోంది. నీ బట్టలకి పట్టిందంటే మీ చెల్లెలు గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తుంది. పనికిరాదు."

అలా మొదలైంది. తెచ్చిన పెట్టెకల్లా నేనే వంక పెట్టాను. బిస్కట్ల పెట్టె అట్ట పల్చన అన్నాను. మందుల పెట్టె అగ్గిపెట్టెలా ఉందన్నాను. పళ్లదానికి పురుగులు పడతాయన్నాను. తేవడం నేనే, తీసిపారేయడం నేనే. వదిన ఏమీ అనేది కాదు. నేను వంక పెట్టిన పెట్టెని రెక్కలు విప్పి, చదును చేసి, బాల్కనీ గోడకి ఆనించేది. ఆదివారం దగ్గరికొస్తోంది, ఇంట్లో ఒక్క పెట్టె నిలబడి లేదు. పెట్టెలు దొరక్కపోతే ప్రయాణం ఆగిపోతుందని నా ఆశ. చిన్నపిల్ల ఆశ, సిగ్గులేని ఆశ. కానీ ఆ వారం నాకున్నదల్లా అదే.

ఒకరోజు కూరగాయలు తీసుకుని వస్తున్నాను. రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద వదిన కూర్చుని ఉంది. ఒళ్లో పెద్ద పెట్టె. మొహం తెల్లగా పాలిపోయి, చెమటలు కారుతున్నాయి.

"ఎందుకు దిగావు? ఎవరు దిగమన్నారు నిన్ను?" అని అరిచాను. నా అరుపుకి కింది వాటా తలుపు తెరుచుకుని మళ్లీ మూసుకుంది.

"నీకు దొరకట్లేదుగా," అంది వదిన. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అంది. "ఆ జిరాక్సు షాపాయన మంచివాడే. కాగితాల పెట్టె ఇచ్చాడు. చూడు, మూత కూడా ఉంది."

నేను పెట్టె తీసుకున్నాను. వదిన కమ్మీ పట్టుకుని లేచింది. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి, ఆగి, మళ్లీ ఎక్కుతోంది. ఆ మోకాలు మడతపడినప్పుడల్లా లోపలినుంచి చిన్న చప్పుడు. నేను రోజూ ఈ మెట్లు దడదడా ఎక్కి దిగేదాన్ని. ఆ చప్పుడు వినాలంటే వెనకాల నెమ్మదిగా నడవాలి. నేనెప్పుడు నడిచాను గనక! నా మీద నాకే అసహ్యం వేసింది. ఈ మనిషిని నా కోసం ఈ మెట్ల మీద కట్టిపడేద్దామనుకున్నానా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నానికల్లా ఇల్లంతా పెట్టెలతో నింపేశాను. కొత్తవేమీ కాదు. బాల్కనీలో ఉన్నవి లోపలికి తెచ్చాను, బిస్కట్లవీ బ్రాందీవీ ఇంకొన్ని అడిగి మోసుకొచ్చాను. ఇప్పుడు కంపూ లేదు, పల్చనా కాదు. వదిన అవన్నీ చూసి, "భలే దొరికాయే," అంది.

శనివారం మధ్యాహ్నం వదిన కింది వాటావాళ్లకి వెళ్లొస్తానని చెప్పడానికి దిగింది. ఎలాగూ దిగింది కాబట్టి సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటుంది. తను వచ్చేలోగా అంతా కట్టేద్దామని నేను నేల మీద కూలబడ్డాను. పాత పేపర్లు ఒక పక్క, పురికొస ఒక పక్క, కొత్త టేపు చుట్ట ఒక పక్క పెట్టుకున్నాను.

పళ్లాలు పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి. పడుకోబెడితే పైదాని బరువుకి కిందిది పగులుతుంది. గ్లాసుల్లో కాగితం ఉండచుట్టి కుక్కాలి. బరువైనవి చిన్న పెట్టెలో, తేలికైనవి పెద్ద పెట్టెలో. చేతులకి అన్నీ గుర్తున్నాయి. బల్లకి అవతల కాగితం చుట్టి అందించే మనిషే లేదు. చెయ్యి చాపి, అందించేవాళ్లు లేక, మళ్లీ వెనక్కి తీసుకుని నేనే చుట్టుకున్నాను. అలా ఎన్నిసార్లు చాపానో.

అన్నయ్య ఫోటో దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఉన్నది అదొక్కటే, గోడకి మేకు మీద. పెట్టెలో పెట్టాను. తీశాను. భార్య కదా, ఆవిడదే హక్కు అనుకుని మళ్లీ పెట్టాను. చెల్లెల్ని కానా అనుకుని మళ్లీ తీశాను. ఆఖరికి దుప్పట్ల మధ్య మెత్తగా దాచి, పెట్టె మూసేసి, ఏడ్చాను. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి బాగా పైకే ఏడ్చాను.

వదిన వచ్చేసరికి పెట్టెలన్నీ గోడవారగా పేర్చి ఉన్నాయి. "అప్పుడే అయిపోయిందా!" అంది. మెట్లెక్కి అలిసిపోయి ఉంది. ఇంత తిని పడుకుంది. నేను అవతలి మంచం మీద పడుకున్నాను.

ఆదివారం పొద్దున్నే బండి వచ్చింది. బండాయన కిందే ఉండి, సామాన్లు మోసే మనిషిని పైకి పంపాడు. భారీ మనిషి. వస్తూనే బిస్కట్ల పెట్టె ఒకటి ఎత్తి భుజాన వేసుకుని దిగాడు. మొదటి మలుపు తిరిగాడో లేదో, పురికొస ఒక పక్కకి జారిపోయి, కింది రెక్కలు నోరు తెరిచాయి. స్టీలు గ్లాసులు, గరిటెలు, మూతలు, మూడంతస్తుల మెట్ల మీదా ఒకటే మోత. వాటాలన్నిటి తలుపులూ తెరుచుకున్నాయి.

"ఎవరమ్మా ఈ పెట్టెలు కట్టింది?" అని అరిచాడు ఆ మనిషి. "టేపన్నది వెయ్యరా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. టేపు వెయ్యకపోవడమేమిటి, పుట్టి బుద్ధెరిగాక నేను చేసిన పనే అది! అతని మీద లేవబోతూ గుమ్మం పక్కనున్న పెట్టె చూశాను. దానికి టేపు లేదు. దాని పక్కదానికీ లేదు. గోడవారనున్న పెట్టెలన్నిటికీ నాలుగు రెక్కలూ ఒకదాని కింద ఒకటి దూర్చి, మడిచి, పైన పురికొస ముడి. కొత్త టేపు చుట్ట కిటికీ గట్టు మీద ఉంది, పైన కవరు కూడా చింపలేదు. దేవుడి మీద ఒట్టేసి చెప్తున్నాను, నేను కావాలని చెయ్యలేదు. నా చేతులు చేసేశాయి.

వదిన ఖాళీ అయిన పెట్టెని మెట్ల మీంచి తెచ్చింది. రెక్కల మడత మీద వేలు పెట్టి చూసింది. తర్వాత గోడవార ఉన్న పెట్టెలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఆవిడకి ఎవరు చెప్పాలి? బల్లకి అవతల నిలబడి ఆ మడత వేలసార్లు చూసిన మనిషి.

"అన్నీ తిరుగు పెట్టెలే," అంది.

నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

"ఇన్ని ముళ్లు వేసే బదులు, నోటితో ఒక్క మాట అనకపోయావుటే?"

"అంటే మాత్రం? ఆగేదానివా?" అన్నాను.

"అని చూస్తే తెలిసేది."

ఇప్పుడు అనొచ్చు. ఇప్పటికైనా అనొచ్చు. వదిన నా మొహంలోకే చూస్తూ నిలబడింది, ఎదురుచూస్తూనే ఉంది. కింద బండాయన హారన్ కొట్టాడు. ప్రపంచంలో ఉన్నవాళ్లందరినీ కడిగిపారేసిన నోరు, ఆ నిమిషాన పెగల్లేదు. పెదాలు కదిలాయి, అంతే.

"ఆ టేపు ఇలా అందుకో," అంది వదిన.

నేల మీద కూర్చోలేని మనిషి కాబట్టి కుర్చీ లాక్కుని, పెట్టెలు ఒక్కొక్కటే ముందుకు లాగించుకుని, అన్నిటికీ తనే టేపు వేసింది. పురికొసలు విప్పి, రెక్కలు సరిచేసి, కిందా పైనా, అడ్డంగా ఇంకో పట్టీ. దుప్పట్ల పెట్టె మాత్రం ఒకసారి తెరిచి మళ్లీ మూసింది. టేపు లాగినప్పుడు వచ్చే ఆ చప్పుడు గోడౌన్‌లో రోజంతా వినేదాన్ని, ఏనాడూ ఏమీ అనిపించలేదు. ఆ రోజు మాత్రం చెవులు మూసుకోవాలనిపించింది.

వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "వేళకి తిను," అంది. నేను మెట్ల దాకా వెళ్లాను. కింద దాకా వెళ్లలేదు. వెళ్తే బండికి అడ్డం పడుకుంటానేమోనని భయం వేసింది.

లోపలికొచ్చి తలుపేసి చూద్దును కదా, అన్నయ్య ఫోటో మేకు మీద ఉంది. ఎప్పుడు పెట్టిందో. ఉన్న ఒక్క అన్నయ్యనీ నాకు వదిలేసి వెళ్లింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, గడవలేదు. అన్నం ఇద్దరికి వండి, మిగిలింది మర్నాడు తినేదాన్ని. పంపు కారితే "చూశావా వదినా, వెధవ పంపు మళ్లీ మొదలెట్టింది," అని పైకే అనేసి, నాలిక కరుచుకునేదాన్ని. తిట్టడానికి ఇంట్లో మనిషి లేకపోతే ఈ నోరుండి ఏం లాభం? అల్మైరాలో ఆవిడ వైపు అరలు ఖాళీగా ఉన్నాయి కదా అని నా బట్టలు కొన్ని అటు సర్దాను. చూడలేక మళ్లీ ఇటు తెచ్చేశాను. ఫోన్ వచ్చేది. "తిన్నావా?" "తిన్నాను. మోకాలెలా ఉంది?" "పరవాలేదు." "సరే మరి." "సరే." పెట్టేశాక ఫోన్ కేసి చూస్తూ కూర్చునేదాన్ని.

వీధిలోకి వెళ్తే ఇంకో బాధ. నాకు 'పెట్టెలమ్మ' అని పేరు పడిపోయింది. పళ్ల కొట్టు ఆయన దూరం నుంచే పిలిచి, "మీ కోసం పొడి పెట్టెలు తీసిపెట్టానమ్మా," అన్నాడు, ఎంతో ప్రేమగా. "ఇంకెందుకు నాయనా, వెళ్లాల్సినవాళ్లు వెళ్లిపోయారు," అన్నాను. అతను ఏమర్థం చేసుకున్నాడో, పాపం, ఒక పండు కూడా చేతిలో పెట్టాడు.

ఒకరోజు పొద్దున్న తలుపు చప్పుడైతే తీశాను. ఆదివారం వచ్చిన బండాయనే, ఆ రోజు బాల్కనీలోంచి చూశాను. చంకలో చదునుచేసిన అట్టపెట్టెల కట్ట.

"ఇటు లోడు వేసుకొస్తున్నానమ్మా. మీ వదినగారు మీకు ఇమ్మన్నారు," అని గోడకి ఆనించి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ చోటు ఇరుకైందని చెత్త నా నెత్తిన వేస్తుందా? నేను పాతసామాన్లవాడిలా కనబడుతున్నానా? ఇప్పుడే ఫోన్ చేసి కడిగేస్తానని కట్ట లోపలికి ఈడ్చి, పురికొస తెంపబోయాను. తెగలేదు. ముడి చూశాను. మా దుకాణాలవాళ్లు వేసి పంపే ముడి, లాగితే ఊడొచ్చేది. లాగాను, ఊడింది.

పెట్టెలు నేల మీద పరుచుకున్నాయి. బిస్కట్లవి, బ్రాందీవి, జిరాక్సు షాపుది. అన్నీ ఉన్నాయి. టేపు ఎక్కడా పీకలేదు. పీకితే అట్ట పొర లేచిపోతుంది. సన్నటి బ్లేడుతో అతుకు మీదుగా కోసింది, ఒక్క రెక్క చిరగకుండా. పారేసే పెట్టె మీద ఎవరూ అంత ఓపిక పెట్టరు. మళ్లీ నింపాల్సిన పెట్టెనే అలా కోస్తారు. ఖాళీవి చదును చేసి, కట్టగట్టి, వెనక్కి ఎందుకు పంపేవాళ్లో నాకు ఎవరు చెప్పాలి?

నేల మీద కూర్చుండిపోయాను. ఎంతసేపు కూర్చున్నానో. గది పెద్దదేనట అన్నప్పుడు నాకేసి చూసిన ఆ చూపు గుర్తొచ్చింది. పరుగు పందేలు పెట్టుకోండి అన్నాను నేను, నా నోరు పడిపోను.

ఫోన్ తీశాను. అవతల ఒకటే కుట్టుమిషను మోత.

"కట్ట చేరిందా?" అంది వదిన.

"చేరింది."

"అన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయి."

మిషను నడుస్తూనే ఉంది. వదిన ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు, ఆ రోజు గుమ్మంలో ఆగినట్టే ఆగింది. తను చెప్పాల్సింది చెప్పేసింది, ఇంక తను మాట్లాడదు. గొణుగుతున్నట్టు, "నేను వస్తాను," అన్నాను.

"ఏమిటీ? మిషను మోతే ఇక్కడ. గట్టిగా చెప్పు."

"నేను కూడా వచ్చేస్తాను వదినా!" అని అరిచాను. ఎంత అరిచానంటే కింది వాటా తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. "నువ్వు లేకుండా నా వల్ల కాదు. వచ్చేస్తాను!"

మిషను ఆగిపోయింది. వదిన ముక్కు చీదుకుంది. తర్వాత ఎప్పుడూ మాట్లాడేలాగే నెమ్మదిగా అంది.

"మీ అన్నయ్య ఫోటో దుప్పట్ల మధ్య పెట్టు. ఈసారి అన్నిటికీ టేపు వేసి కట్టు."